ఓపెన్ - క్లోజ్

సిరొంచ బస్టాండు వెనక
మట్కా చీటీలు రాసే రేకుల డబ్బా కాడ
బానయ్య మామ నిలబడ్డ తీరు నాకింకా యాదుంది.
మాపటికి ఓపెన్ కోసం, నడిరాత్రి క్లోజ్ కోసం
మెడ ముందుకు వంగి,
చెవి ఒక్కటే అంకె దిక్కు తెరిచి.

ఆరు మీద పెడితే ఏడొచ్చేది.
ఓడినోడు ఇంటికి పోతడు గదా అనుకునేదాన్ని.
మామ పోలేదు.
"ఒక్క అంకెల తప్పింది బిడ్డా, ఒక్కటే" అని
గెలిచినోని లెక్క నవ్వి, మళ్ల జేబు తడిమిండు.

రోజూ గెలిచేటోనికి రెండు నెలల్ల విసుగొస్తదట.
ఎన్నడూ గెలవనోడు వారంల మానుకుంటడట.
ఎప్పుడో ఒకపారి, ఎప్పుడో తెల్వకుంట గెలిచేటోడే
డబ్బా కాడ ముసలోడైతడని
చీటీలు రాసే గణపత్ చెప్పిండు.
చెప్పుకుంటనే మామ చీటీ రాసిండు.

అప్పుడు నాకు పదకొండేండ్లు.
అత్త తునికాకు కట్టలు కట్టిన పైసలు
ఎటు పోయినయో లెక్క రాసిన నోట్‌బుక్కు ఉండె.
మామను తిట్టిన తిట్లు గూడ అండ్లనే రాసుకున్న.

ఇప్పుడు నేను సర్కారు దవాఖానల నర్సును.
రాత్రి డ్యూటీ. నలుగురు బాలింతలు, ఒక పాముకాటు.
మూడో మంచానికి సెలైన్ ఎక్కించి
కుర్చీల కూసున్న. గడియారంల రెండు.

పొద్దుగాల ఒక ఫోటో పెట్టిన.
ప్రాణహిత వంతెన మీద, కొత్త చీరల,
కండ్లల్ల ఎండ పడంగ.
పదమూడు మంది మెచ్చిండ్రు.
పద్నాలుగో మనిషి వచ్చిందేమోనని
బొటనవేలు తెరను కిందికి గుంజింది.
నేను గుంజలే. బొటనవేలు గుంజింది.
చిన్న చక్రం తిరిగింది.
ఆ తిరిగే అర సెకనుల
నాలోపల ఎవరో రేకుల డబ్బా కాడ నిలబడ్డరు.

ఏం లేదు.
మళ్ల గుంజిన. ఏం లేదు.
మూడోపారి వచ్చింది:
చిన్నప్పుడు నా పక్క బెంచీల కూసున్న విమల.
చంద్రపూర్‌ల ఉంటది. పెండ్లయినంక మాటనే లేదు.
ఒక ఎర్ర గుండె పంపింది, అంతే.
నిజం చెప్తున్న, సంతోషం ఆ గుండె కాడ లేదు.
దానికి ముందు, ఆ చక్రం కాడ ఉండె.

అన్నం గిన్నెకు అడుగుంటది.
ఎండకాలమొస్తే మా నదికి గూడ అడుగు కనవడ్తది,
ఇసుక మీద పుచ్చతీగ పారిస్తరు.
దీనికి అడుగు లేదు.
ఒకరి గృహప్రవేశం కింద ఒకరి చావు,
చావు కింద పచ్చిపులుసు,
పచ్చిపులుసు కింద నాతోని నర్సింగ్ చేసిన పిల్ల,
ఇద్దరు పిల్లలను కని గూడ నాకన్న సన్నగ,
సముద్రం ముంగట.
ఇగ చాలని ఎక్కడా గీత గీసి లేదు.
మట్కాకన్న క్లోజ్ ఉండె.
అంకె పడ్డంక గణపత్ తాళమేసి
సైకిలెక్కి ఇంటికి పోయేటోడు.
ఇది నా దిండు కిందనే పంటది.

"సిస్టర్."
ఎన్నోపారి పిలుస్తుందో తెల్వదు, మూడో మంచం మీది లక్కుబాయి.
సెలైన్ సీసా ఖాళీ.
గొట్టంల నెత్తురు ఇంత పొడుగు వెనకకు ఎక్కింది.
గడియారంల నాలుగుంబావు.

సూది సరిజేసిన, కొత్త సీసా పెట్టిన.
ఏం కాలేదు. ఏం కాలేదని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్న.
అడవి ఊరి మనిషి, ఫోన్ లేదు ఆమెకు.
పసిపిల్లను పక్కకు జరుపుకుంట
మెల్లగ అడిగింది:
"మీ ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా తల్లీ?
అద్దంల ఊకె చూస్తున్నవు, కబురొస్తదన్నట్టు."

ఏం చెప్పాలె.
"అవ్, మా మామకు" అన్న.
మామ పోయి ఏడేండ్లు.

"తగ్గుతదిలే" అని ఆమె కండ్లు మూసుకుంది.

ఫోన్‌ను బల్ల మీద బోర్లేసిన,
మందుల రిజిస్టర్ కింద.
కిటికీల తెల్లగైతున్న నదిని చూసిన, చానాసేపు అనుకుంట,
రెండు నిమిషాలు గూడ కాలేదు.
రిజిస్టర్ కింద ఏదో ఒక్కపారి వణికింది.
మెడ ముందుకు వంగింది.